అల్లుడుగారి వరస

ఆ ఇంట్లో దిండు వేసిన కుర్చీ ఒక్కటే ఉంది. అది అల్లుడుగారిది. మధ్యాహ్నం మూడింటికి గిడ్డంగిలో పని ముగించుకుని, కాళ్ళు కడుక్కుని అతను లోపలికి అడుగు పెట్టేసరికి అత్తగారు ఆ కుర్చీని ఫ్యాను కిందికి జరిపి, దిండు ఒకసారి దులిపి, "కూర్చోండి అల్లుడుగారూ" అనేది. అనేశాక రెండడుగులు వెనక్కి వేసేది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రెండేళ్ళ నుంచీ ఇదే వరస. ఆవిడా, ఆవిడ చెల్లెలూ, అతని భార్యా చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని కబుర్లు చెప్పుకుంటుంటే, అతనొక్కడూ పైన కుర్చీలో, బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉండేవాడు.

మర్యాదకి లోటంటూ ఎప్పుడూ లేదు. ఉన్న చిక్కల్లా మర్యాద తప్ప ఇంకేమీ లేకపోవడమే.

ఆ సోమవారం అతను వచ్చేసరికి హాలు నిండా గుడ్డముక్కలు. భార్యకి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి బొంత మొదలుపెట్టారు. అడుగున పాత పరదా, మధ్యలో అరిగి పల్చబడ్డ రెండు దుప్పట్లు పరిచి, పైన ముక్కలు పేర్చి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి పెట్టారు. ఆకుపచ్చ చొక్కా వీపు, చారల తలగడ గలేబు, భార్య బడికి వేసుకెళ్ళిన నీలం గౌను, ఎవరిదో తెలియని ఎర్ర పూల గుడ్డ. ముక్కలు కత్తిరించే పని చిన్నత్తది, అంటే అత్తగారి చెల్లెలిది. ఆవిడ చేతిలో కత్తెర ఎంత చురుకో నోట్లో నాలుకా అంతే చురుకు. కుట్టే పని అత్తగారిది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పని భార్యది, కడుపు అడ్డం వచ్చి వంగలేదు కాబట్టి.

అత్తగారి బొంతకి ఒక పరీక్ష ఉంది. వరసలు పూర్తయ్యాక ఉత్తి కాళ్ళతో బొంత మీద నడిచి, కాలి చిటికెన వేలితో ప్రతి వరసనీ రాసుకుంటూ వెళ్తుంది. వేలు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కుట్టు పొడుగైనట్టు. పెద్దవాళ్ళ వేలే చిక్కుకుంటే చంటిదాని వేలు చిక్కుకోదా. అలాంటి కుట్టుని విప్పేయాల్సిందే, అది ఎవరు కుట్టిందైనా సరే. ఆ చుట్టుపక్కల ఆవిడ కుట్టిన బొంతల్లో పెరగని పిల్ల లేదు. ఒక్క వేలూ ఎక్కడా చిక్కుకోలేదు.

అతను కుర్చీలో కూర్చుని గ్లాసెడు నీళ్ళు తాగి, చాలాసేపటి నుంచి మనసులో కూడగట్టుకుంటున్న మాట బయట పెట్టాడు.

"అత్తయ్యగారూ, నేను కూడా ఒక వరస కుడతానండి."

కత్తెర ఆగింది. అత్తగారు చెంగున లేచి నిలబడింది, ఏదో అపచారం జరిగినట్టు.

"అయ్యో, మీరెందుకండీ. పొద్దున్నుంచీ పనిచేసి వచ్చారు."

"పగలంతా గోనెసంచుల మూతులు కుట్టి ఇంటికొచ్చి మళ్ళీ సూది పడతారా అల్లుడుగారూ," అంది చిన్నత్త. "హాయిగా కూర్చోండి, ఫ్యాను పెద్దది చేస్తాను."

"బిడ్డ నాది కూడా కదండీ," అన్నాడతను.

ఆ మాటకి ఎదురుచెప్పడం ఎవరి తరం. అల్లుడు నోరు తెరిచి అడగడమే అరుదు. అడిగాక కాదనడం ఆ ఇంట్లో లేదు. భార్య నవ్వు బిగబట్టుకుంటూ సూదిలో తెల్ల దారం ఎక్కించింది. అతను చాప మీదికి దిగబోయాడు గానీ అత్తగారు దిగనివ్వలేదు. "మీరు కింద కూర్చోవడమేమిటండీ" అని బొంత కొసని ఎత్తి తెచ్చి కుర్చీలో ఉన్న అతని ఒళ్ళో పెట్టింది. దాంతో బొంతంతా ఒక పక్కకి లాగేసి, పేర్చిన ముక్కలు సగం వంకరపోయాయి. ఆవిడ వాటిని చూడనట్టే ఊరుకుంది.

అతను కుట్టాడు. పదేళ్ళుగా దబ్బనం పట్టిన చెయ్యి అది. నిండిన బస్తా కాటా మీది నుంచి దిగగానే మూతి మడిచి, రెండు మూలలా ఎత్తడానికి చెవులు వదిలి, పురికొసతో పదకొండంటే పదకొండు పోట్లు వేసి ముడి బిగించడం అతనికి కళ్ళు మూసుకుని చేసే పని. ఈ చిన్న సూది మాత్రం వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియలేదు. రెండుసార్లు కింద పడింది, ఒకసారి అతని మోకాలికే గుచ్చుకుంది. అయినా నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, అరగంటలో మూరెడు వరస లాగించాడు. ముడి వేసి దారం తెంపి, తలెత్తి చూశాడు.

"ఎలా ఉందండీ?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "చాలా బాగుందండీ అల్లుడుగారూ," అంది.

చిన్నత్త కత్తెరతో గాలిని రెండుసార్లు కత్తిరించింది, అంతే. అతనికి ఆ సాయంత్రమంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది. తన బిడ్డ కప్పుకునే దాంట్లో తన చేతి వరస ఒకటి ఉంటుంది. అది ఎవరి నుంచీ అరువు తెచ్చుకున్నది కాదు, మర్యాద కోసం ఎవరూ ఇచ్చిందీ కాదు.

మర్నాడు మధ్యాహ్నం కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళి బొంత కొస ఎత్తి చూశాడు. వరస అక్కడే ఉంది. దారం అదే, చోటు అదే. కుట్లు మాత్రం బియ్యపుగింజలంతేసి, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి.

ఎవరి కుట్టు వాళ్ళకి తెలియదా. పెరట్లో గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకున్న భార్య దగ్గరికి వెళ్ళాడు.

"మీ అమ్మ నా వరస విప్పేసిందా?"

భార్య రెండు చేతులతో కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వితే ఈ మధ్య లోపలి బిడ్డ కూడా తన్నుతోంది.

"నువ్వు బయటికెళ్ళావో లేదో మొదలుపెట్టింది. కానీ పాపం ఎంత సేపు పట్టిందనుకున్నావు. ముడి దగ్గర ఒక్క లాగు లాగితే వరసంతా సర్రున వచ్చేసిందట. అమ్మ దారం చేతిలో పట్టుకుని ఉలిక్కిపడి కూర్చుంది."

అతనికి అప్పుడు వెలిగింది. వేసింది బస్తా ముడి. బస్తా ముడి వేసేదే విప్పడానికి. సరుకు చేరినచోట కొస పట్టి లాగితే మూతి మొత్తం ఒక్కసారిగా తెరుచుకోవాలి, లేకపోతే అవతలివాడు తిడతాడు. పదేళ్ళ అలవాటు చేతి నుంచి బిడ్డ బొంతలోకి దిగిపోయింది. అతనికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ముల్లు గుచ్చుకున్నట్టూ అయింది.

"బాగోలేదని నాతో అనొచ్చుగా."

"నీతోనా? అమ్మా?" భార్య కళ్ళు పెద్దవి చేసింది. "ఈ జన్మకి అనదు. నాకైతే చిన్నప్పుడు వంకర కుట్టు కుడితే సూది వెనక వైపుతో వేళ్ళ మీద పొడిచేది."

"నన్నూ పొడవచ్చు."

"అల్లుడివి కదా," అంది భార్య, దానికి మందు లేదన్నట్టు.

అయినా ఆమె ఆ పూట అతనికి బొంత ముడి నేర్పింది. దారం కొసని సూది మొన చుట్టూ మూడు చుట్లు తిప్పి, వేలితో అదిమి పట్టి సూది లాగేస్తే గసగసంత ముడి పడుతుంది. దాన్ని చిన్న గుంజుతో పైగుడ్డ కిందికి దాటించాలి. టప్పుమని చిన్న చప్పుడు చేసి ముడి లోపలికి పోతుంది. పైన ఏమీ కనపడకూడదు. అతను పాత తువాలు మీద ఇరవైసార్లు వేశాడు. ఇరవయ్యోది ఊడలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో బొంత పెట్టించుకుని ఇంకో మూరెడు కుట్టాడు. అత్తగారు చూసి, "నిన్నటికన్నా ఇంకా బాగుందండీ" అంది. బుధవారం వచ్చి చూస్తే అదీ మాయం. ఈసారి ముడి గట్టిది కాబట్టి పాపం ఆవిడ ఒక్కో కుట్టూ పిన్నీసుతో ఎత్తి విప్పుకోవాల్సి వచ్చిందనీ, పొద్దున్నంతా దాంతోనే సరిపోయిందనీ భార్య చెప్పింది. అతను పని నేర్చుకున్న కొద్దీ ఆవిడకి పని పెరుగుతోంది. అయినా ఆ సాయంత్రం మూడో వరసా కుట్టాడు.

గురువారం పొద్దున గిడ్డంగిలో టిఫిన్ల వేళ అతను బస్తాల నీడన కూర్చుని తువాలు మీద కుట్లు వేస్తుంటే కాటా మనిషి వచ్చి పక్కన చతికిలపడ్డాడు. కాటా మనిషికి ముగ్గురు అల్లుళ్ళు, లోకమంతా తెలుసు.

"దబ్బనం పట్టేవాడివి, ఆ సూది నీ కంటికి ఆనుతోందా?"

అతను జరిగిందంతా చెప్పాడు. కాటా మనిషి తాపీగా నమిలి, మింగి, అడిగాడు.

"రెండేళ్ళలో మీ అత్తగారు నిన్ను ఒక్కసారైనా తిట్టిందా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు."

"చెప్పులు వాకిట్లో అడ్డంగా విడిచినా?"

"తనే తీసి పక్కన పెడుతుంది."

"మా పెద్దల్లుణ్ణి మా ఆవిడ రోజూ తిడుతుంది, రెండోవాడిని వారానికోసారి. మూడోవాడు మొన్ననే వచ్చాడు కాబట్టి వాడికింకా కుర్చీ వేస్తున్నాం." కాటా మనిషి చేతులు దులుపుకుని లేచాడు. "నువ్వింకా ఆ ఇంటికి చుట్టానివేరా అబ్బాయ్."

ఆ మాట అతని లోపల ఎక్కడో తిన్నగా దిగింది. తనకి కావలసింది బొంతలో మూరెడు చోటు మాత్రమే కాదని అతనికి అప్పుడే తెలిసింది. కుట్టు బాగోలేదని మొహం మీద చెప్పించుకునే చోటు కావాలి. బిడ్డ పుట్టాక ఆ ఇంట్లో బిడ్డ కూడా చాప మీదే పాకుతుంది, కుర్చీ ఎక్కదు. తండ్రి కుర్చీలో ఉండిపోతే ఎలా.

ఆ రోజే ధాన్యం పైకి తీసుకెళ్ళే బెల్టు తెగింది. మరమ్మతుకి సాయంత్రం దాకా పడుతుందని అందరినీ పదకొండింటికే పంపించేశారు. అతను ఇంటికొచ్చి తలుపు తోసేసరికి హాల్లో చాప మీద అత్తగారు ఒక్కతే ఉంది. కిటికీ వెలుతురులో బొంత కొస మోకాళ్ళ మీద వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, అతని మూడో వరసని పిన్నీసుతో ఒక్కో కుట్టూ ఎత్తి విప్పుతోంది.

తలెత్తి చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది.

"ఏం లేదు అల్లుడుగారూ," అంది. పిన్నీసు గుప్పిట్లోకి వెళ్ళిపోయింది. "దారం కాస్త వదులుగా ఉంటేనూ, బిగిస్తున్నా."

ఇప్పుడైనా అడిగేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ మర్యాద అంటుజబ్బు, రెండేళ్ళు ఒక ఇంట్లో ఉంటే ఒంటికి పట్టేస్తుంది.

"అలాగాండీ," అన్నాడు. "వదులుగా ఉంటే చెప్పండి, సరిచేస్తాను."

"మీరు సరిచేసేంత ఏముందండీ. చాలా బాగా కుట్టారు."

ఆవిడ గబగబా లేచి కుర్చీ ఫ్యాను కిందికి జరిపి దిండు దులిపింది. అతను వెళ్ళి అందులో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా చాప మీద విప్పిన దారం ముక్కలు పడి ఉన్నాయి. ఇద్దరూ వాటిని చూడలేదు. వంటింట్లోంచి వచ్చిన చిన్నత్త మాత్రం దారాలనీ, కుర్చీనీ, అక్కనీ చూసింది.

"మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది," అంది. "కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇల్లు, ఇప్పుడు చెప్పను."

శుక్రవారం గిడ్డంగికి సెలవు. బొంత కూడా చివరికొచ్చింది. అంచుల నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ వచ్చిన వరసలు మధ్యలో రెండు జానల చోటు తప్ప అంతా నింపేశాయి. ఆ రెండు జానలూ కుట్టే ముందు ఇప్పటిదాకా కుట్టింది ఒకసారి చూసుకోవాలని, కాఫీలయ్యాక అత్తగారు పాదాలు తుడుచుకుని బొంత ఎక్కింది. భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. చిన్నత్త మిగిలిన ముక్కలు మూటకడుతోంది. అతను కుర్చీలో ఉన్నాడు.

అత్తగారు నెమ్మదిగా నడిచింది. చిటికెన వేలు గుడ్డ మీద రాసుకుంటూ ఒక వరస, దాని పక్క వరస, ఆకుపచ్చ చొక్కా, చారల గలేబు. నీలం గౌను ముక్క దగ్గర వేలు చిక్కుకుంది. ఆవిడ ఆగింది. కాలు వెనక్కి తీసి, మళ్ళీ రాసి చూసింది. మళ్ళీ చిక్కుకుంది.

ఆవిడ ఓరగా అల్లుడి వైపు చూసింది. తర్వాత జాకెట్టుకి ఉన్న పిన్నీసు తీసి, ఏదో సర్దుతున్నట్టు వంగి, ఆ చోట గుడ్డకి గుచ్చింది. గుర్తు. రేపు అతను పనికి వెళ్ళాక విప్పడానికి.

"బాగుంది," అంది నడుం నిటారుగా చేసి. "అంతా బాగుంది."

అతను కుర్చీలోంచి లేచాడు. వచ్చి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిన్నీసు తీసి, దాని మొనతో నీలం ముక్క మీది మొదటి కుట్టు పైకెత్తాడు.

"అయ్యో అల్లుడుగారూ, మీరు లేవండి. బాగానే ఉందండీ అది."

"బాగోలేదండీ అత్తయ్యగారూ. వేలు తగిలింది."

"తగిలితే తగిలిందిలెండి. మీ కుట్టుకేం, ముద్దుగా ఉంది."

"నాది కాదండీ," అన్నాడతను. అతని గుండె బస్తా దించినట్టు ధడాలుమంది. అయినా చెయ్యి ఆగలేదు. రెండో కుట్టు కూడా లేపాడు. "నావి మూడు వరసలూ మీరు విప్పేశారు. ఇది మీదే."

మూటకడుతున్న చిన్నత్త చేతులు గాల్లోనే ఉండిపోయాయి. భార్య పెదవి కొరుక్కుంది. అతను మూడో కుట్టు లేపాడు.

అత్తగారి మొహం ఎర్రబడింది. మెడ మీది నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"ఒరేయ్, నా కుట్టు విప్పుతావట్రా నువ్వు?" అంది. "గోనెసంచి మొహమూ నువ్వూనూ. నాలుగు రోజుల్నుంచి నీ కుట్లు విప్పలేక నా గోళ్ళు అరిగిపోయాయి. ఒక్కో కుట్టూ వానపామంత పొడుగు. దారం లాగడం చూడు, బావిలోంచి చేద లాగినట్టు లాగుతావు. గుడ్డంతా చుట్టలు చుట్టుకుపోయి ముసలిదాని మూతిలా తయారవుతుంది. దాన్ని మళ్ళీ తడి చేత్తో రాసి, సాపు చేసి, మళ్ళీ కుట్టుకుంటూ నేనిక్కడ చస్తుంటే, పైగా వచ్చి ఎలా ఉందండీ అని అడుగుతావు. బాగోలేదు. మొదటి రోజూ బాగోలేదు, రెండో రోజూ బాగోలేదు. మూడో రోజైతే చెప్పక్కర్లేదు. ఆ కుర్చీలోకి ఎత్తించుకుని కుడితే ఎవడికి కుదురుతుందిరా బొంత?"

అని, తనేమన్నదో అప్పుడు చెవిన పడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను పిన్నీసు చేతిలో పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండి ఆవిడని చూశాడు. పెళ్ళి రోజున కూడా అతను అంత సంతోషపడలేదు. ఆ మాట భార్యతో అనకూడదు గానీ నిజం అదే. 'నువ్వు' అంది. 'ఒరేయ్' అంది. ఒక్క ఊపిరిలో రెండేళ్ళ బాకీ తీర్చేసింది.

"ఇంకా చెప్పండి అత్తయ్యా," అన్నాడు. 'గారు' తనంతట తనే జారిపోయింది.

"ఇంకేముంది చెప్పడానికి," అంది ఆవిడ చేతి వెనక నుంచి. నెమ్మదిగా చాప మీద కూర్చుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుని, నీలం ముక్క మీది వరసని మొదలంటా వేలితో తడిమింది. లోపల దాగిన ముడి దొరికింది. వేళ్ళ మధ్య దాన్ని కాసేపు నలిపింది. "నాదేనా ఇది?"

అతను తల ఊపాడు.

"నాదే," అంది. ఈసారి గొంతులో కోపం లేదు. "నా కుట్టు తగలడమేమిటే. ఎప్పటి నుంచి?"

అడిగింది కూతుర్ని. కూతురు పిన్ని వైపు చూసింది. చిన్నత్త మూట ముడి చాలా శ్రద్ధగా బిగించింది. లోకంలో ఎవరినైనా ఏదైనా అనగలిగే మనిషి, అక్క మొహం చూడలేక ఆ ముడినే చూస్తూ చెప్పింది.

"వానలు పడ్డప్పటి నుంచి, ఊళ్ళోవాళ్ళకి కుట్టిన బొంతల దగ్గర్నుంచీ. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తగిలేవి నేను విప్పి మళ్ళీ కుడుతున్నా. ఇవాళ ఆ ఒక్కటీ చూసుకోలేదు."

"నువ్వా?"

"నేనే. నీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు."

అత్తగారు చెల్లెల్ని చూసింది. చెల్లెలు మూటని చూసింది. భార్య ఇద్దరినీ చూసి, అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇక ఆపుకోలేక గోడ వెంట పక్కకి జారిపోయింది. నవ్వుతూ నవ్వుతూ, "ఇతను కుట్టింది అమ్మ విప్పింది, అమ్మ కుట్టింది పిన్ని విప్పింది," అంది. "మరి బొంత ఎవరు కుట్టారే?"

"ఈ ఇంట్లో కుట్టిన కుట్లకన్నా విప్పిన కుట్లే ఎక్కువ," అంది చిన్నత్త. అత్తగారికి మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత పళ్ళు బయటపడ్డాయి. కళ్ళజోడు మళ్ళీ తీసి మళ్ళీ తుడుచుకోవాల్సి వచ్చింది. అతను నవ్వీ నవ్వీ బొంత మీదికే ఒరిగాడు.

"లే లే, బొంత నలుగుతుంది," అంది అత్తగారు అతని భుజం మీద ఒకటి చరిచి. "కళ్ళజోడు మార్పించాలి నాకు. రేపు తీసుకెళ్ళు."

"పొద్దున్నే వెళ్దాం."

"ఆ కుర్చీ తీసి వరండాలో పడెయ్. నడవడానికి చోటు లేదు. వచ్చి ఇక్కడ కూర్చో. అటు కాదు, ఎడమవైపు."

"కుట్టేవాడికి కుడివైపు, చీదేవాడికి ఎడమవైపు కూర్చోకూడదని ఊరికే అన్నారా," అంది చిన్నత్త. "సూది కంట్లోకి వస్తుంది."

అతను కుర్చీ బయట పెట్టి వచ్చి ఎడమవైపు కూర్చున్నాడు. మధ్యలో మిగిలిన రెండు జానల్లో ఒకటి అత్తగారు కుట్టింది, ఒకటి అతనికి వదిలింది. సూది పట్టుకోగానే ఆవిడ అతని వేళ్ళ మీద సూది వెనక వైపుతో పొడిచింది.

"ఎందుకలా గొంతు పిసికినట్టు పట్టుకుంటావు. వదులుగా పట్టుకో. ఎడమ చెయ్యి కింద పెట్టు. బొంత కింద. సూది మొన కింది వేలికి తగలాలి. తగిలిందని తెలియాలి, గుచ్చుకోకూడదు. తెలియగానే పైకి తిప్పు. అదీ కుట్టు పొడుగు. కంటితో కాదు చూసుకోవడం, వేలితో."

ఎంత చిన్న మాట. మూడు రోజులు కంటితోనే కొలుచుకుంటూ కుట్టాడు. కింద వేలు పెట్టాలని కుర్చీలో కూర్చున్నవాడికి ఎవరు చెప్తారు. మొదటి కుట్టుకే వేలికి గుచ్చుకుంది. రెండోదానికి తగలనే లేదు. మూడోదానికి తగిలింది, తెలిసింది, అతను సూది తిప్పాడు. పైన బియ్యపుగింజకి అన్నలాంటి కుట్టు ఒకటి పడింది.

జానెడు వరస పూర్తయ్యేసరికి గంట పట్టింది. అత్తగారు వేలితో రాసి చూసి, "విప్పు," అంది. అతను విప్పాడు. మళ్ళీ కుట్టాడు. "సగం దాకా బాగుంది. అక్కణ్ణుంచి తొందరపడ్డావు. సగం విప్పు." అతను సగం విప్పాడు. చిన్నత్త టీ తెచ్చింది, చల్లారిపోయింది. మూడోసారి ఆవిడ ఏమీ అనకుండా కూతురి వైపు తల ఊపింది. భార్య గోడ పట్టుకుని లేచి, నీరు పట్టి ఉబ్బిన పాదం బొంత మీద పెట్టి, ఆ వరస మొదటి నుంచి చివరి దాకా చిటికెన వేలు నడిపింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. వేలు ఎక్కడా ఆగలేదు.

"ఉంచు," అంది అత్తగారు.

సాయంత్రం ఎదురింటి టీచరమ్మ బొంత చూడ్డానికి వచ్చింది. వాకిట్లో నిలబడి, అల్లుడుగారు కూడా కుట్టారటగా, ఎంత మంచివారండీ, అందరికీ దొరుకుతారా అలాంటి అల్లుళ్ళు అంది.

"మంచివాడా, నా మొహం," అంది అత్తగారు. ఆ గొంతు వీధి చివరికి వినపడేలా ఉంది. "జానెడు కుట్టడానికి రెండుసార్లు విప్పించాను. చెప్తే వినడు, చెయ్యి చూస్తే చేట. ఇంకోటి మొదలుపెట్టించా, రోజూ కూర్చోబెడితే గానీ దారికి రాడు. ఇదిగో, ఇటు రండి, చూపిస్తాను వాడి వంకర."

లోపల చాప మీద అతను చిన్నత్త ముక్కలు పేర్చిన రెండో బొంతకి మొదటి టాకా వేస్తున్నాడు. ఆ మాటలన్నీ విన్నాడు. వాళ్ళు లోపలికి వస్తుంటే దారి ఇవ్వడానికి కాస్త పక్కకి జరిగాడు, లేచి నిలబడలేదు.